విదేశీ యాత్రల పాఠం ఊరికి చేరాలి

విదేశాలకు అధ్యయన యాత్రలు ఈ మధ్య బాగా పెరిగాయి. అధికారులు వెళుతున్నారు, ప్రజాప్రతినిధులు వెళుతున్నారు, పంతుళ్లూ వెళుతున్నారు. 2023 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు పదిమంది అమెరికా వెళ్లి, ఐక్యరాజ్యసమితిని చూసి వచ్చారు. పేదింటి పిల్లలు విమానం ఎక్కారంటే సంతోషించని వారెవరు? ఇతర దేశాల జనం గాలి నుంచి కరెంటు ఎలా తీస్తున్నారో, చెత్తను ఎరువుగా ఎలా మారుస్తున్నారో, నలుగురూ కలిసి ఒక పనిని ఎలా నిలబెట్టుకుంటున్నారో కళ్లారా చూడడం మంచిదే. యాత్రలు వద్దని ఎవరూ అనడం లేదు.

కాని వెళ్లినవారు ఏం చూశారు, వచ్చి ఎవరికి చెప్పారు? బయలుదేరేటప్పుడు దండలు, తిరిగి వచ్చాక ఒక ఫోటో, ఆ తర్వాత ఒక నివేదిక. ఆ నివేదికను ఏ ఊరి రచ్చబండ మీదనైనా చదివి వినిపించగా ఈ విలేకరి ఇంతవరకు వినలేదు.

ఇటువంటి యాత్రికులు ఎక్కువగా వెళ్లే చోట్లలో డెన్మార్కు దేశంలోని సామ్సో దీవి ఒకటి. జనాభా నాలుగు వేల లోపు. మన పెద్ద పంచాయతీ ఒకదానికి సరిసమానం. వ్యవసాయమే ఆధారం, బంగాళాదుంపకు పేరున్న నేల. 1997లో అక్కడి ప్రభుత్వం ఒక పోటీ పెట్టింది. తనకు కావలసిన కరెంటు, వేడి అంతా పదేళ్లలో గాలి, ఎండ, గడ్డి వంటి వాటి నుంచే తీసుకోగల దీవి ఏదని అడిగింది. సామ్సో ఎంపికయింది. బహుమానంగా డబ్బేమీ రాలేదు, పేరు మాత్రమే వచ్చింది. ఆ రోజుల్లోనే దీవిలోని కబేళా మూతబడి చాలామందికి పని పోయింది. పని కోసం ఊరు విడవడం అంటే ఏమిటో బెంగళూరు బస్సులెక్కే మనవాళ్లకు చెప్పనక్కరలేదు.

అక్కడి రైతుబిడ్డ, పాఠాలు చెప్పుకునే సోరెన్ హెర్మాన్‌సెన్ ఆ పనిని భుజాన వేసుకున్నారు. ఆయన చేసింది ముఖ్యంగా మీటింగులు పెట్టడం. నలుగురు కూడిన చోటికల్లా వెళ్లి మాట్లాడేవారు. మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గాలిమర పొలానికి అడ్డమనీ, చప్పుడనీ, చూపుకు బాగుండదనీ సణిగినవారూ ఉన్నారు. అయితే గాలిమర ఎవరిదన్న దగ్గర మాట మారింది. నేల మీద నిలిపిన పదకొండు గాలిమరల్లో తొమ్మిది రైతుల సొంతం, రెండు ఊరి జనం వాటాలు వేసుకున్న సహకార సంఘాలవి. సముద్రంలో నిలిపిన పదింటిలో అయిదు మునిసిపాలిటీవి. తిరిగే రెక్క తనదైతే ఆ చప్పుడు చెవికి బాధగా ఉండదు కదా!

బ్యాంకులు అప్పు ఇవ్వడానికి కారణం కూడా ఉంది. గాలిమర కరెంటును పదేళ్లపాటు ఖాయమైన ధరకు కొనాలన్న కట్టుబాటు ఆ దేశంలో ఉండేది. చలిదేశం కాబట్టి ఇళ్లకు వేడి కావాలి. పొలంలోని గడ్డిని బాయిలర్లలో కాల్చి, కాగిన నీళ్లను గొట్టాల ద్వారా ఇల్లిల్లూ తిప్పుతున్నారు. మిగులు కరెంటు సముద్రం కింది కేబులు మీదుగా బయటికి పోతుంది. 2007లో అక్కడ ఒక ఎనర్జీ అకాడమీ కట్టారు. చూడవచ్చే విదేశీయులకు పాఠం చెప్పేది అక్కడే.

ఇది చూసి వచ్చిన మనవారు ఏం చెబుతారు? గాలిమర ఎంత ఎత్తు, రెక్క ఎంత పొడవు అని చెబుతారు. అది మనకు కొత్త కాదు. రామగిరి కొండల మీద 1990 దశకంలోనే గాలిమరలు లేచాయి. ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప వైపు పోతే దారి పొడుగునా కనిపిస్తాయి. మనవాళ్లు వాటిని ‘ఫ్యాన్లు’ అంటారు. మనకు గాలికేమీ తక్కువ లేదు. తక్కువల్లా వాటా. పొలం అమ్మిన రైతుకు ఒకసారి డబ్బు, లీజుకిచ్చిన రైతుకు కౌలు, నలుగురికి వాచ్‌మన్ పని. అక్కడితో సరి. రామగిరిలో ఒకప్పుడు బంగారం తవ్వారు. ఆ గనులూ మూతబడ్డాయి. ఆ బంగారంలో ఊళ్లకు దక్కిందెంతో అక్కడి పెద్దలకు బాగా తెలుసు. ఇప్పుడు గాలి వంతు వచ్చింది.

వేరుశనగ పోయి బ్యాంకు బాకీ పడ్డ రైతు ఒక గాలిమర కొనలేడు, నిజమే. అందుకని డెన్మార్కును ఉన్నదున్నట్టు దింపమనడం లేదు. కాని పంచాయతీకి ఒక వాటా ఎందుకు ఉండకూడదు? పొదుపు సంఘాలకు ఎందుకు ఉండకూడదు? తెలంగాణలో 2025లో మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకు ఇచ్చాయి. బస్సుకు యజమానులు కాగలిగినవారు గాలిమరలో వాటాదారులు కాలేరా? సామ్సోలో అడిగి తెలుసుకోవలసింది ఇదే. వాటా పత్రం ఎలా రాశారు, అప్పు ఎవరు పూచీ పడ్డారు, లెక్కలు ఎవరు చూస్తారు, తగాదా వస్తే ఎవరు తీరుస్తారు? ఈ ప్రశ్నలు అడగవలసినవాడు గాలిమర నీడ పడే ఊరివాడు. అతడిని యాత్రకు తీసుకుపోరు.

చదువురాని పల్లెవారు విదేశం పోయి ఏం నేర్చుకుంటారన్న ఎత్తిపొడుపు ఉంటుందని తెలుసు. రాజస్థాన్‌లో అజ్మీరు జిల్లా తిలోనియా అనే పల్లెలో 1972లో పుట్టిన బేర్‌ఫుట్ కాలేజీని చూస్తే దానికి జవాబు దొరుకుతుంది. ఆఫ్రికా పల్లెల నుంచి బడి ముఖం చూడని ఆడవాళ్లు, మనుమలున్నవాళ్లు అక్కడికి వచ్చారు. భాష తెలియదు. రంగులు, సైగల సాయంతో ఆరు నెలల్లో సోలార్ దీపాల పని నేర్చుకుని తమ ఊళ్లలో వెలుగు పెట్టారు. వారిది కూడా విదేశీ అధ్యయన యాత్రే. తేడా ఏమిటంటే, వాళ్లు ఆరు నెలలు ఒకే చోట కూర్చున్నారు. మనవారు వారం రోజుల్లో నాలుగు పట్నాలు చుట్టి వస్తారు. అందులో ఒక రోజు బజారుకు పోతుంది, ఆ మాట చెప్పుకోకుంటేనే మేలు.

మరొక సంగతి. మనం బయటికి చూస్తుంటే బయటివారు మన వైపు చూస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే మానవాళి పురస్కారంలో భాగం దక్కింది. మన రైతుల పొలాల గట్ల మీదకు విదేశీయులు వచ్చి, నవధాన్యాలు ఎప్పుడు చల్లారు, ఘనజీవామృతం ఎంత వేశారు అని రాసుకుపోతున్నారు. ప్రశ్న అడగడం వారిని చూసైనా మనం నేర్చుకోవచ్చు.

జిల్లా అధికారులకు విన్నపం. ఈసారి పంపే బృందంలో సగం మందినైనా గాలిమరలు, సోలార్ పలకలు ఉన్న ఊళ్ల నుంచి తీసుకోండి. ఒక సర్పంచి, ఒక పొదుపు సంఘం లీడరు, పొలం లీజుకిచ్చిన ఒక రైతు ఉండాలి. తెలుగులో చెప్పే మనిషిని వెంట పంపండి. ఒకే ఊళ్లో పది రోజులు ఉండనివ్వండి. తిరిగి వచ్చినవారు ఏం చూశారో మొదట గ్రామసభలో చెప్పాలి. ఆగస్టు 15న, అక్టోబరు 2న గ్రామసభలు ఉండనే ఉన్నాయి. అడిగినదానికి జవాబు చెప్పలేకపోతే, తెలియదని అయినా అక్కడే ఒప్పుకోవాలి. ఖర్చెంతయిందో కూడా ఆ సభలోనే చదవాలి. ఇదివరకు వెళ్లివచ్చినవారి నివేదికలు బీరువాల్లో ఉంటే, వాటి తెలుగు నకళ్లు పంచాయతీ ఆఫీసులకు పంపండి.