పాత సర్వేలకు కొత్త చట్టం పరీక్ష
సాఫ్ట్‌వేర్ మార్చక తప్పని మార్కెటింగ్ సంస్థలు

దుకాణంలో చిన్న సర్వే అంటూ తీసుకున్న ఫోన్ నంబరు ఆ తర్వాత ఏమవుతుందో వినియోగదారుకు తెలియదు. ఆ వివరాలు దాచే పాత సాఫ్ట్‌వేర్ వాడుతున్న సంస్థలకూ చాలాసార్లు తెలియదు. ఇకపై ఈ తీరు చెల్లదు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. 2025 నవంబరులో కేంద్రం నియమాలు ప్రకటించింది. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చింది. వివరాలు ఎందుకో ముందే చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఆ నోటీసును తెలుగులోనూ చదువుకునే వీలుండాలి. సమ్మతి ఇచ్చినంత సులువుగా ఉపసంహరించుకోగలగాలి. భద్రతా చర్యలు విస్మరిస్తే రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు.

పాత ప్రోగ్రాముల్లో పేరు, నంబరు, జవాబు ఒకే పట్టికలో ఉంటాయి. సమ్మతి తేదీకి గడి ఉండదు. యూనికోడేతర ఫాంట్లలో నమోదైన తెలుగు జవాబులు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. దీంతో మార్కులే లెక్కకెక్కి, మాటల్లో చెప్పిన ఫిర్యాదులు మరుగున పడుతున్నాయి.

పాత తెలుగు జవాబులను యూనికోడ్‌లోకి మార్చడం, నంబర్లను విడిగా భద్రపరచడం, అవసరం తీరినవి తొలగించడం తొలి మెట్లు. ప్రశ్నల వరస, మాటలు మారిస్తే పాత ఫలితాలతో పోల్చడం కష్టం. అందుకే కొంతకాలం రెండు విధానాలనూ పక్కపక్కనే నడిపి సరిచూసుకోవాలి. నిపుణులు అందుబాటులో లేని చిన్న సంస్థలు గడువు చివరి వరకు ఆగితే ఈ భారం మోయలేవు.