ముందు మైనస్ తీగ విప్పండి

అమ్మయార్‌కుప్పం, పొదటూరుపేట, పళ్ళిపట్టు మరమగ్గాల షెడ్ల నుంచి తిరుత్తణికి, తిరువళ్ళూరుకు నూలు, గుడ్డ మోసే వ్యాన్లున్నాయి. లైటు వెలగకపోతే మగ్గం దగ్గరున్న మనవాణ్ణే పిలుస్తారు: "మోటారు తెలిసినవాడివి, కాస్త చూడవయ్యా" అని.

పన్నెండు వోల్టులేగా, షాకు కొట్టదంటారు. నిజమే, కొట్టదు; కాలుస్తుంది. షార్టయితే వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా పారుతుంది. స్పానరుకు తగిలిన ఉంగరం వేలిని కాల్చేస్తుంది. ఛార్జి ఎక్కే బ్యాటరీలో హైడ్రోజన్ పుడుతుంది, దానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇంజను ఆపి, తాళం తీసి, ఉంగరం, గడియారం పక్కన పెట్టండి. మొదట విప్పవలసింది మైనస్. ఇప్పటి బండ్లలో మైనస్ తీగ బాడీకే కలిపి ఉంటుంది. ముందు ప్లస్ విప్పబోతే, స్పానరు బాడీకి తగిలిన క్షణమే షార్టు. మైనస్ ఊడదీశాక తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. విప్పిన తీగకు పొడిగుడ్డ చుట్టండి. మన దగ్గర గుడ్డకు కరువా! జనరేటరు బ్యాటరీకీ ఇదే వరస. అది దానంతటదే స్టార్టయ్యే రకమైతే ముందు ఆ స్విచ్చి ఆపాలి. లేకుంటే కరెంటు పోగానే చేతులు లోపలుండగా ఇంజను తిరుగుతుంది.

మా అభ్యంతరం వేరే ఉంది. ఈ పనికి మెకానిక్ కూలి ఇవ్వరు, కళ్ళద్దాలు ఇవ్వరు. చేయి కాలితే "నిన్నెవడు ముట్టమన్నాడు?" అంటారు. ఇకమీదట కళ్ళద్దాలు, గ్లవుజులు అడగండి. ఇవ్వకపోతే మెకానిక్‌ను పిలవమనండి. దానికీ యజమాని కస్సుమంటే, షిఫ్టు దిగి నేరుగా యూనియన్ ఆఫీసుకు రండి.