తల దించుకోవాల్సింది ఆమె కాదు

రైతు సంఘం పత్రికలో చెరకు బకాయిలు, గిట్టుబాటు ధరల గురించి రాయాలి గానీ అత్యాచారాల గురించి ఎందుకని కొందరు అడగవచ్చు. మన ఊళ్లలో ఊడ్పులు, కలుపుతీతలు ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తున్నాయి. చీకటితో పొలానికి వెళ్లి పొద్దుగూకాక తిరిగొచ్చే వాళ్ల భద్రత రైతు సమస్య కాకపోతే మరేది రైతు సమస్య?

వాకపల్లిని మరిచిపోలేం. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలంలోని ఆ ఊరికి గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. అప్పటికి మనదంతా ఒకే విశాఖ జిల్లా. వాళ్లూ మనలాగే సేద్యం చేసుకునేవాళ్లే. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపుతూ బాధితులకు పరిహారం ఇవ్వాలంది. తీర్పుకు పదిహేనేళ్లు దాటింది. మనసుకు తగిలిన దెబ్బ మాత్రం తీర్పు కోసం ఆగదు.

ఇలాంటి దాడి కోరిక వల్ల జరిగేది కాదు, బలం చూపించుకోవడానికి జరిగేది. చేసినవాడు చాలాసార్లు తెలిసినవాడే: బంధువో, మేస్త్రీయో, పని ఇచ్చే ఆసామో. “ఎందుకు అరవలేదు?” అని అడగడం మానుకుందాం. భయంతో ఒళ్లు కొయ్యబారిపోతుంది, గొంతు పెగలదు. ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదని చట్టమే చెబుతోంది. తర్వాత నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం ఆమె బలహీనత కాదు, తగిలిన గాయం.

కౌన్సెలింగ్ అంటే పెద్దమనుషులు కూర్చోబెట్టి “సర్దుకుపో” అనడం కాదు. తప్పు పట్టకుండా వినడం, విన్నది బయటపెట్టకుండా ఉండడం, ఏం చేయాలో నిర్ణయం ఆమెకే వదలడం. 181కి ఫోన్ చేస్తే సఖి వన్‌స్టాప్ కేంద్రం సాయం అందుతుంది. వైద్యం, పోలీసు, న్యాయ సాయం, కౌన్సెలింగ్, తాత్కాలిక ఆశ్రయం అక్కడ ఒకేచోట దొరకాలి. మనసు బాగోలేనప్పుడు టెలీమానస్ 14416కు ఉచితంగా మాట్లాడవచ్చు. ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా సరే, బాధితురాలికి వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్‌స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందే.

కూలిపని చోట లైంగిక వేధింపులు ఎదురైతే 2013 చట్టం ప్రకారం జిల్లా స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి ఎంతమంది కూలి అక్కచెల్లెళ్లకు తెలుసు? కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి సచివాలయం గోడ మీదా రాయించాలని జిల్లా యంత్రాంగాన్ని డిమాండ్ చేస్తున్నాం. ఆ కౌన్సెలర్లు నెలకొకసారైనా మండలాలకు రావాలి. బస్సు చార్జీలు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని పట్నం రమ్మంటే ఎవరొస్తారు?

మన పని మనమూ చేద్దాం. అత్యాచారం రాజీ పడే తగాదా కాదు. మన సంఘం నాయకులెవరూ అలాంటి పంచాయితీలో కూర్చోరాదు. బాధితురాలి పేరు నోట రానివ్వరాదు. ఆమె కోరితే ఆసుపత్రికి, స్టేషన్‌కు తోడు వెళ్లే ఇద్దరు మహిళలను ప్రతి గ్రామ కమిటీ ఈ నెలలోనే ఎంచుకోవాలి. పంటకు తెగులు సోకితే పంటను తిట్టం. ఆడకూతురి విషయంలోనూ ఆ మాత్రం ఇంగితం మనకుండాలి.