గేటు దగ్గర పూలు చాలవు, పేటకొచ్చి పిలవండి

కరోనా పోయింది, బడులు తెరిచారు, పిల్లలు మళ్లీ బస్సులెక్కారు, ఇంకా ఆ పాత గోలెందుకు అని కొందరంటున్నారు. పిల్లలందరూ వచ్చారా అని మేం అడుగుతున్నాం. రానివాళ్ల పేర్లు ఎవరి దగ్గరున్నాయి? వాళ్ల ఇళ్లకి ఎవరు వెళ్లారు? ఈ రెండు ప్రశ్నలకీ జవాబొచ్చేదాకా ఈ గోల ఆగదు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మన వైపు ఇంగ్లీషు మీడియం బడి ప్రతిదాన్నీ కాన్వెంటు అనేస్తాం. ఏ కామందు పెట్టినా, అద్దె మేడలో నడిపినా అది కాన్వెంటే. ఇక్కడ మేం మాట్లాడేది నిజం కాన్వెంట్ల గురించి. మఠకన్యలు, ఫాదర్లు నడిపే కథోలిక బడుల గురించి. కార్పొరేటు బడివాడు వ్యాపారం చేస్తుంటే వ్యాపారమే అంటాం. వాడిమీద మనకి ఆశేం లేదు. సిలువ పెట్టుకున్న బడి మీద మన పేటకి ఆశ ఉంది, హక్కూ ఉంది. అందుకే అడుగుతున్నాం.

జరిగింది ఒకసారి గుర్తు చేసుకుందాం. 2020 మార్చిలో బడులు మూశారు. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకి తెరిచారు. చిన్న పిల్లలకి 2021 ఫిబ్రవరి 1న తెరిచారు. రెండో వేవు వచ్చిపడింది. ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది దాకా మళ్లీ మూశారు. ఆగస్టు 16న మళ్లీ తెరిచారు. రాష్ట్రం మొత్తంమీద ఎక్కువ కేసులు నమోదైంది మన ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాలోనే. అంటే బడి తెరిచేనాటికి మన జిల్లాలో చావు చూడని ఊరు లేదన్నమాట.

ఆ రోజు గేటు దగ్గర ఏముంది? థర్మామీటరుంది, శానిటైజరుంది, చాలాచోట్ల స్వాగతం బ్యానరుంది. లోపల ఆఫీసు గదిలో బాకీల లిస్టుంది. బ్యానరు పిల్లల్ని రమ్మంటోంది, లిస్టు వద్దంటోంది. పేటలో తల్లికి వినపడింది లిస్టే.

మన ఆత్రేయపురం సంగతి తీసుకోండి. పూతరేకుల ఊరని దేశమంతా పేరు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టుకుని, ఆ సెగలో కూచుని రేకు తీసే ఆడవాళ్లకి రోజు కూలి తప్ప ఇంకేం లేదు. పెళ్లిళ్లు ఆగి, బస్సులు ఆగి, రోడ్డు మీద కొట్లు మూసేస్తే రేకు ఎవరు కొంటారు? ఇటుక బట్టీ ఆగింది, కడియం నర్సరీల్లో పని ఆగింది. ఇంకో సంగతుంది. కోనసీమ పేటల్లో కాన్వెంటు ఫీజు చాలా ఇళ్లల్లో కువైట్ నుంచో దుబాయ్ నుంచో వస్తుంది. తల్లి అక్కడ ఇంటిపని చేస్తే పిల్ల ఇక్కడ హాస్టల్లో చదువుతుంది. 2020లో ఆ తల్లులు విమానాల్లేక అక్కడే చిక్కుకుపోయారు. చాలామందికి జీతాలు రాలేదు. హాస్టలు మూసేస్తే పిల్లలు అమ్మమ్మ దగ్గరికొచ్చి పడ్డారు. అమ్మమ్మకి కళ్లు కనపడవు. పాఠమేమో ఫోనులో ఉంది.

ఫోను పాఠం మనాళ్లకి ఎంత అందిందో లెక్కలున్నాయి. 2021 ఆగస్టులో ఆర్థికవేత్త జీన్ డ్రెజ్ బృందం 15 రాష్ట్రాల్లో, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద ఇళ్లల్లో సర్వే చేసింది. పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుకుంటున్న పిల్లలు నూటికి 8 మంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలైతే నూటికి నలుగురే. మన రాష్ట్రం ఆ సర్వేలో లేదు. మన పేటల్లో అంతకంటే బాగుందని ఎవరైనా అంటే వచ్చి చూపించమనండి. ఇంటికొక ఫోను, అది నాన్న జేబులో. నాన్న పనిలోకెళ్తే క్లాసు కూడా పనిలోకెళ్లింది.

ఇలాంటి ఇంటినుంచి వచ్చిన పిల్లకి కౌన్సెలింగు ఇస్తాం, మానసిక క్షేమం చూస్తాం అన్నారు. మంచిమాటే. మేం వెక్కిరించడం లేదు. కానీ పేటలో పిల్ల మనసులో ఉన్న బరువేమిటో చూడండి. నాన్న చనిపోయాడు. టెస్టు చేయించలేదు కాబట్టి కరోనా చావని కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి 50 వేల పరిహారం రాలేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోతేనే ప్రభుత్వం 10 లక్షలు డిపాజిట్ చేస్తానంది. ఈ పిల్లకి తల్లి మిగిలింది కాబట్టి అదీ రాలేదు. వారం వారం ఫైనాన్సువాడు గుమ్మంలో నిలబడతాడు. అక్కకి సంబంధం చూసేస్తున్నారు. ఇన్ని మోసుకుని బడికొస్తే అసెంబ్లీలో బాకీదార్ల పేర్లు చదివారనుకోండి, ఏ కౌన్సెలింగు ఆ పిల్లని నిలబెడుతుంది? బాకీ కొట్టేస్తే సగం బెంగ తీరుతుంది. తిండి పెడితే ఇంకొంచెం తీరుతుంది. ఆ తర్వాత కూచోబెట్టి మాట్లాడండి, వింటుంది.

తిండి మాట కూడా చెప్పాలి. బడులు మూసిన రోజుల్లో సర్కారు బడి పిల్లలకి మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇంటికిచ్చారు. ఎయిడు లేని కాన్వెంటులో చదివే కూలివాళ్ల పిల్లకి అవీ లేవు. కాన్వెంటు పిల్ల కదా, ఉన్నవాళ్లే అనుకున్నారు. ఫీజు కట్టి చదివిస్తే ఉన్నవాళ్లైపోతారా? ఆ ఫీజు కోసం ఆ ఇంట్లో ఏం తాకట్టు పెట్టారో ఎవరడిగారు?

2020 అక్టోబరు చివర్లో రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఆ ఏడాది ప్రైవేటు బడులు ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలని. ఆ సంగతి పేటలో ఎందరికి తెలిసింది? బాకీ లిస్టు నోటీసుబోర్డు మీదుంటుంది, జీవో మాత్రం ఫైల్లో ఉంటుంది.

మంచిని మంచి అనే చెప్పాలి. ఆ రెండేళ్లలో బియ్యం, పప్పు మూటలు మోసిన సిస్టరమ్మలున్నారు. రోగుల దగ్గర నిలబడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. దేశంలో వందలమంది ఫాదర్లు, సిస్టర్లు కరోనాతో పోయారు. వాళ్లకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాం. మేం అడిగేది వాళ్ల త్యాగం గురించి కాదు, బడి యాజమాన్యాల లెక్కల గురించి. మూట మోసిన చెయ్యీ టీసీ బిగపట్టిన చెయ్యీ ఒక్క సంస్థవే అయితే, ఏది అసలు చెయ్యని పేట అడుగుతుంది.

అంటురోగం రోజుల్లో టీచరు ఏం చెయ్యాలో మనకి చూపించినామె ఉంది. సావిత్రిబాయి ఫూలే. 1897లో పూనా వైపు ప్లేగు వచ్చింది. కొడుకు యశ్వంత్ డాక్టరు. తల్లీ కొడుకూ ఊరి బయట వైద్యశాల పెట్టారు. ముంఢ్వా మహర్‌వాడలో ఒక పిల్లాడికి ప్లేగు తగిలిందని తెలిస్తే ఆమే వెళ్లి, భుజాన వేసుకుని మోసుకొచ్చింది. ఆ రోగమే ఆమెకి అంటుకుంది. మార్చి 10న కన్నుమూసింది. మహర్‌వాడ వాళ్లే రావాలని ఆమె గేటు దగ్గర కూచోలేదు. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటిని వదిలి వెళ్లిన కాపరి కథ ప్రతి గుళ్లో చెబుతారు. ఆ కథ బడి ఆఫీసు గదిలోకి ఎందుకు రాదు?

ఇప్పుడు అసలు ముడి దగ్గరికొద్దాం. ఫీజు తగ్గించండి అని దళిత కథోలిక తల్లి వెళ్తే ముందు అడిగేది విచారణ గురువుగారి చీటీ, జ్ఞానస్నాన పత్రం. అవి చూపిస్తే ఆమె క్రైస్తవురాలు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవురాలు ఎస్సీ కాదు. సిక్కు దళితుల్ని 1956లో, బౌద్ధ దళితుల్ని 1990లో చేర్చారు. మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో బీసీ-సీ కింద పెట్టి ఒక్క శాతం రిజర్వేషను పారేశారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చేర్చమంది. వినలేదు. 2022 అక్టోబరులో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. అంటే ఫీజు రాయితీ కోసం గుడి కాగితం చూపిస్తే సర్కారు స్కాలర్‌షిప్పు పోతుందేమోనని భయం. సర్కారు కాగితం చూపిస్తే గుళ్లో మాట పడాలి. రెండు కాగితాల మధ్య తల్లి నలిగిపోతుంది. కరోనా ఏడాది ఈ భయంతోనే నోరు మూసుకుని పిల్లని మాన్పించేసిన ఇళ్లున్నాయి. ఆకలి చూడ్డానికి కాగితం ఎందుకండీ?

ఇంకో మాట. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో నూటికి 25 సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకివ్వమంది. మైనారిటీ బడులకి ఈ చట్టం వర్తించదని 2014 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు సరైందేనా అని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ధర్మాసనమే సందేహపడి పై ధర్మాసనానికి పంపమంది. కోర్టు సంగతి కోర్టు చూసుకుంటుంది. మా ప్రశ్న వేరు. ఈ దేశంలో 1 కోటి 90 లక్షల కథోలికుల్లో 1 కోటి 20 లక్షల మంది దళితులని 2016లో బిషప్పుల సమాఖ్యే తన దళిత విధాన పత్రంలో రాసుకుంది. మైనారిటీ అని లెక్క చెప్పేటప్పుడు మన తలకాయలు కావాలి. ఆ లెక్కతో వచ్చిన హక్కుతో నడిచే బడిలో మన పిల్లకి సీటు లేదు. ఇదెక్కడి న్యాయం? 2022లో పూల ఆంథోనీ గారు తొలి దళిత కార్డినల్ అయితే మనమంతా సంతోషించాం. రోములో మనవాడికి ఎర్ర టోపీ వచ్చింది, సరే. ఇక్కడ మన పిల్లకి టీసీ రావాలి.

సర్కారు తక్కువ తినలేదు. 2021లో, పిల్లలు అప్పుడప్పుడే బడికి తిరిగొస్తుంటే, ఎయిడెడ్ బడుల స్టాఫుని లాగేసుకోవడం మొదలుపెట్టింది. మిషను బడుల్లో పేదపిల్లలు ఫీజు లేకుండా చదివేది ఆ ఎయిడు మీదే. విశాఖ జ్ఞానాపురంలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. గొడవ ముదిరాక నవంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఇష్టం లేని యాజమాన్యాలు సమ్మతి వెనక్కి తీసుకోవచ్చంది. తల్లులు రోడ్డెక్కితే కదులుతుందని అక్కడ తేలింది. అది మనం నేర్చుకోవాలి.

2020లో అయిదో తరగతిలో ఉన్న పిల్ల 2025కల్లా పది రాసి ఉండాలి. రాయని పిల్ల ఎక్కడుందో మన పేటలో మనకి తెలుసు. రొయ్యల షెడ్డులో ఉంది, రేకుల పొయ్యి దగ్గరుంది, లేదా చంకలో బిడ్డతో ఉంది. ఆమెకి ఇంకా ఎవరూ స్వాగతం చెప్పలేదు. ఆమెకి కరోనా ఇంకా అయిపోలేదు.

కథోలిక బడుల యాజమాన్యాల్ని మేం అడిగేవి ఇవి:

1. 2020 మార్చి రిజిస్టరూ 2021 ఆగస్టు రిజిస్టరూ పక్కపక్కన పెట్టండి. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని ప్రతి పిల్ల ఇంటికీ వెళ్లండి.

2. ఆ రెండేళ్ల బాకీలు కొట్టెయ్యండి. ఆపిన టీసీలు, సర్టిఫికెట్లు ఇళ్లకి తెచ్చివ్వండి.

3. వయసు దాటినవాళ్ల చేత ఓపెన్ స్కూల్లో పది కట్టించండి. సాయంత్రం మీ గదులు ఖాళీయే కదా, అక్కడ పాఠం చెప్పించండి.

4. చట్టం అడగకపోయినా నూటికి 25 సీట్లు మీ అంతట మీరే పేద దళిత పిల్లలకివ్వండి. గుడి చీటీ అడక్కండి.

5. పిల్లల గోడు వినడానికి మన పేటల్లోంచి చదువుకున్న ఆడపిల్లల్ని తీసుకుని, శిక్షణిచ్చి, జీతమివ్వండి.

6. ఫీజు నిర్ణయించే కమిటీలో దళిత తల్లుల్ని కూచోబెట్టండి.

కార్యకర్తలకో మాట. యాజమాన్యం లిస్టు తీసేదాకా ఆగక్కర్లేదు. ఆత్రేయపురం, బొబ్బర్లంక, లొల్ల, ర్యాలి, వాడపల్లి, ఏ ఊళ్లో ఎవరున్నా పేటకో నోటుపుస్తకం పెట్టండి. పిల్ల పేరు, బడి పేరు, ఏ తరగతిలో మానేసింది, బాకీ ఎంత, టీసీ ఎక్కడుంది, ఇంట్లో ఎవరు పోయారు, అంతా రాయండి. ఎనిమిదో తరగతి లోపు పిల్లలైతే టీసీ లేదని సర్కారు బడి చేర్చుకోకపోవడానికి వీల్లేదు. విద్యాహక్కు చట్టంలో ఉంది, గట్టిగా అడగండి. పిల్ల ఆపదలో ఉంటే 1098కి ఫోన్ చెయ్యండి. మనసు బాగోలేక నిద్ర పట్టనివాళ్లుంటే 14416కి చెయ్యమనండి, డబ్బులు పడవు. ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు ఆ పుస్తకం పైకి చదవండి. ఫాదరుగారు ఉండగానే చదవండి. తిట్టకండి. పేర్లు చదవండి చాలు.

పేర్లు విన్నాక ఆయన మన వెంట పేటలోకి నడిచొస్తే, అదే స్వాగతం. రాకపోతే ఆ తల్లులందరం కలిసి బడి గేటు దగ్గరికెళ్దాం.

జై భీమ్!