ముందు స్పిల్‌వే, తర్వాతే కాఫర్ డ్యామ్

మన హాస్టల్ గేమింగ్ గ్రూపులో రెండు వారాలుగా ఒకటే గొడవ. స్కైరిమ్ మాడ్స్‌కి పాత నెక్సస్ మాడ్ మేనేజర్‌తోనే నెట్టుకొద్దామా, కొత్తదానికి మారిపోదామా అని. గేములు ఆడనివాళ్ళ కోసం ఒక ముక్క: మాడ్ అంటే గేముకి అభిమానులు చేసిపెట్టే అదనపు సరుకు. కొత్త ఊళ్ళు, కొత్త ఆయుధాలు, మెరుగైన బొమ్మలు. వందల మాడ్స్‌ని ఏది ముందు ఏది వెనక అని సర్దిపెట్టేదే మాడ్ మేనేజర్. ఆ వరస చెడితే గేము ఓపెన్ కాదు, అయినా పాత సేవ్ మొరాయిస్తుంది.

మన దగ్గరున్న మేనేజర్ సీనియర్ల హార్డ్ డిస్క్‌తో పాటు వారసత్వంగా వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్ళే 2018లో వోర్టెక్స్ తెచ్చి, పాతదాన్ని వదిలేశారు. ఫస్టియర్ వాళ్ళేమో "ఇంకా ఇదేంటి బ్రో" అంటున్నారు. ఫైనలియర్ అన్నలేమో నడుస్తున్న బండిని ఎందుకు విప్పడం అంటున్నారు. ఇద్దరూ ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అనే కొట్టుకుంటున్నారు. మారే రోజున మన పాత సేవులు ఎటు పోతాయి అని ఎవరూ అడగడం లేదు.

మాది పోలవరం. ఏ మార్పు గురించి మాట్లాడినా నాకు డ్యామే గుర్తొస్తుంది, ఏమీ అనుకోకండి. నది మధ్యలో అసలు డ్యామ్ కట్టాలంటే ముందు గోదావరిని పక్కకి తిప్పాలి. దానికి పక్కన 48 గేట్ల స్పిల్‌వే, నదికి అడ్డంగా కాఫర్ డ్యామ్. అసలు డ్యామ్‌కి పునాదిలాంటి డయాఫ్రమ్ వాల్ 2018కే అయిపోయింది. కాఫర్ డ్యామ్ మాత్రం 2019, 2020 వరదలనాటికి పూర్తిగా మూసుకోలేదు. మిగిలిన ఖాళీల్లోంచి నీళ్ళు ఉరవడిగా దూకి, అడుగున ఇసుకని కోసేసి, ఆ వాల్‌ని దెబ్బతీశాయి. తప్పెవరిది అన్నది మా ఊరి టీ కొట్టులో ఇప్పటికీ తేలలేదు, ఇక్కడ తేల్చను. 2021 జూన్‌లో కాఫర్ డ్యామ్ మూసి, నదిని స్పిల్‌వే మీదుగా వదిలారు. కొత్త డయాఫ్రమ్ వాల్ పని 2025 జనవరిలో మొదలైంది. నది తెరిచున్నప్పుడు బాగానే ఉంది, పూర్తిగా తిప్పాకా బాగానే ఉంది. కొంప ముంచింది సగం మూసిన దారి.

మన గ్రూపు ఇప్పుడు సరిగ్గా ఆ సగంలోనే ఉంది. నలుగురు అప్పుడే వోర్టెక్స్ వేసుకున్నారు, అదీ పాత మేనేజర్ తీయకుండా. ఒకే గేము ఫోల్డర్ మీద రెండు మేనేజర్లు పెత్తనం చేస్తే ఒకటి పెట్టిన ఫైలుని రెండోది తొక్కేస్తుంది. "అన్నా, నాకు క్రాష్ అవుతోంది" అని వచ్చినవాడికి ఏం చెప్పాలో గ్రూపులో ఎవరికీ తోచదు, ఎందుకంటే ఇద్దరి వరసలు ఒకటి కావు.

ఇంకో చిక్కు. ఇంటర్నెట్‌లో కనిపించే సలహాలన్నీ మంచి స్పీడు నెట్ ఉన్నవాళ్ళు రాసినవి. నెక్సస్‌లో కలెక్షన్ అని ఒకరి మాడ్స్ జాబితా మొత్తం తెచ్చుకునే సదుపాయం ఉంది. డబ్బు కట్టనివాళ్ళు మాత్రం ఒక్కో మాడ్‌కీ విడిగా క్లిక్ చేయాలి. హాస్టల్ వైఫైలో అది అయ్యే పనేనా? మనకి కలెక్షన్ అంటే చేతులు మారే హార్డ్ డిస్కే. అక్కడే వోర్టెక్స్‌తో పేచీ. అది మామూలుగా హార్డ్‌లింకులతో పనిచేస్తుంది, అంటే మాడ్స్, గేము ఒకే డ్రైవులో ఉండాలి. మన ఎక్స్‌టర్నల్ డిస్కులు చాలావరకు ఎక్స్‌ఫాట్ ఫార్మాట్. అందులో హార్డ్‌లింకులే ఉండవు.

మాడ్ ఆర్గనైజర్ 2 దారి వేరు. గేము ఫోల్డర్‌ని ముట్టుకోదు. గేము నడుస్తున్నంతసేపు మాడ్స్ అక్కడ ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. నచ్చకపోతే తీసేయండి, గేము ముందెలా ఉందో అలాగే ఉంటుంది. నా ఓటు దీనికే, వెనక్కి దారి ఉంది కాబట్టి. (మొదటి మాడ్ ఆర్గనైజర్ రాసినాయనే తర్వాత వోర్టెక్స్ కట్టడానికి వెళ్ళాడు. పార్టీ ఫిరాయింపులు మన రాజకీయాల్లోనే కాదు.) రకరకాల గేములు ఆడేవాళ్ళకి వోర్టెక్సే నయం, అది ఒప్పుకోవాలి.

రాత్రికి రాత్రి మారాల్సిన సందర్భాలూ ఉంటాయి. 2022 అక్టోబర్‌లో మైన్‌క్రాఫ్ట్ లాంచర్ పాలీఎమ్‌సీని నడిపే ఒక్కడు తోటివాళ్ళందర్నీ ప్రాజెక్టులోంచి గెంటేశాడు. వాళ్ళు వెంటనే ప్రిజమ్ లాంచర్ పెట్టుకున్నారు, జనం కూడా అటే వెళ్ళారు. తాళాలు ఎవడి చేతిలో ఉన్నాయో నమ్మకం లేనప్పుడు ముహూర్తాలు చూడరు. పైగా పాత సరంజామా కొత్తదాంట్లోకి సులువుగా వచ్చేసింది. మనకి అంత అత్యవసరం ఏమీ లేదు.

కాబట్టి సెమిస్టర్ మధ్యలో వద్దు. ఇంటర్నల్స్ అయ్యాక ఒకే ల్యాప్‌టాప్‌లో, అందులోనూ మన గ్రూపులో అన్నిటికన్నా నెమ్మదైన 4 జీబీ ర్యామ్ దాంట్లో, సీనియర్ల జాబితా మొత్తం మాడ్ ఆర్గనైజర్ 2లో పెట్టి ఒక పాత సేవ్ నడిపి చూద్దాం. వారం పాటు నిలబడితే అందరం ఒకే వారాంతంలో మారదాం. పాత ఫోల్డర్ కాపీ సెలవులు అయ్యేదాకా ఎవరూ డిలీట్ చేయొద్దు. వోర్టెక్స్ వేసుకున్న ఆ నలుగురూ ఈలోగా రెండిట్లో ఏదో ఒకటి తీసేయండి. గేము ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉన్నవాళ్ళు గ్రూపులో చేయెత్తండి, మీ దగ్గరే మొదలుపెట్టాలి.