పుట్టు శుక్లములు ఎవరి పాపము?

పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనబడితే "ఎవరి పాపమో" అనే మాట పల్లెల్లోనే కాదు, హైదరాబాదు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్లలోను మేము విన్నాము. యోహాను సువార్త 9వ అధ్యాయములో శిష్యుల ప్రశ్నయు ఇదే. ప్రభువు ఒప్పుకోలేదు.

పుట్టు శుక్లములలో కొన్ని వంశపారంపర్యముగా వచ్చును. కొన్ని కుటుంబాలలో తల్లికో తండ్రికో ఉన్నా ప్రతి బిడ్డకు సగము అవకాశము. మరికొన్నింట తలిదండ్రుల చూపు బాగానే యుండును, చెడిన జన్యువు ఇద్దరిలోను దాగియుండును. అప్పుడు నాలుగింట ఒక వంతు. మేనరికములో ఇది ఎక్కువ. కోడలినొక్కతెనే నిందించుట అన్యాయము!

పసరు మందులు వేయకండి. శుక్లము దట్టమైనదైతే తొలి రెండు మూడు నెలల్లోనే ఆపరేషన్ కావాలి. ఆలస్యమైతే మెదడు చూచుట నేర్చుకొనదు. మెహదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రికైనా, 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థకైనా వెంటనే తీసికొని వెళ్లండి. తర్వాతి బిడ్డలను పుట్టగానే చూపించండి.