సంతకం చేసినంత మాత్రాన సొమ్మంతా పోవలసిందేనా?



ఆసుపత్రికి వచ్చేవారు సాధారణంగా మందు చీటీ కోసం వస్తారు. ఈ మధ్య మరొక రకం చీటీ కోసం కూడా వస్తున్నారు. "ఇతను కొంతకాలం వ్యాయామం చేయరాదు" అని డాక్టరుగారు రాసి ముద్ర వేసి ఇస్తే, దానిని జిమ్ వారికి చూపించి కట్టిన డబ్బు వాపసు అడుగుతారట. మోత్కూర్ నుండి, చుట్టుపక్కల పల్లెల నుండి చదువుకో ఉద్యోగానికో ఉప్పల్, ఎల్‌బీ నగర్ వైపు వెళ్లిన మన పిల్లలు చాలామంది అక్కడి జిమ్‌లలో చేరుతున్నారు. ఆరోగ్యం కోసం చేరడం మంచిదే. చేరిన తరువాత మానవలసి వచ్చినప్పుడే చిక్కు వస్తున్నది.

ఆ మధ్య ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. "సారూ, పిలగాడు నడుము నొప్పితోని వంగలేకపోతున్నడు. జిమ్ముకు పన్నెండు వేలు ఒక్కసారే కట్టిండట. రెండు నెలలే పోయిండు. పైసలడిగితే సంతకం పెట్టినవ్ గదా అంటున్నరట. సంతకం పెట్టినంక అడుగుడు తప్పా?" అని అడిగింది. ఆమెను డబ్బు కంటే మాట తప్పామేమో అన్న భయమే ఎక్కువ బాధపెడుతున్నదని మాకు అర్థమైంది. ఇచ్చిన మాట నిలుపుకోవాలని పిల్లలకు నేర్పుకునే కుటుంబాలు మనవి. కనుక ఆమె ప్రశ్నకు ఇక్కడ అందరికీ కలిపి జవాబు చెప్పాలనుకున్నాము.

తప్పు కాదమ్మా. వాడుకున్నదానికి న్యాయంగా చెల్లించి, వాడుకోని దానిని వాపసు అడగడం మాట తప్పడం కాదు. మాట ఇరువైపుల వారినీ కట్టాలి. ఒక వైపు వారిని మాత్రమే కట్టివేసేది మాట కాదు, ఉచ్చు.

ఈ సభ్యత్వాలు ఎలా అమ్ముతున్నారో ఒకసారి చూడండి. నెలకు 1,500 రూపాయలు, ఏడాదికి కలిపి కడితే 12,000 మాత్రమే అంటారు. ఈ రోజు దాటితే ఆఫర్ ఉండదని తొందరపెడతారు. పిల్లవాడు ఉత్సాహంలో ఉంటాడు. కాగితం వెనుక చిన్న అక్షరాలలో "కట్టిన రుసుము ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదు" అని ఉంటుంది. దానిని అతను చదవడు, చదివి వినిపించేవారూ ఉండరు. కొన్నిచోట్ల చేతిలో డబ్బు లేకపోయినా ఫైనాన్స్ కంపెనీ ద్వారా వాయిదాలు పెట్టిస్తారు. అప్పుడు జిమ్‌కు వెళ్లినా వెళ్లకపోయినా నెలనెలా బ్యాంకు ఖాతా నుండి డబ్బు పోతూనే ఉంటుంది.

జిమ్ నడిపేవారి కష్టం కూడా మనము ఆలోచించాలి. వారికి గది కిరాయి, కరెంటు బిల్లు, యంత్రాల మీద అప్పు, కోచ్‌ల జీతాలు ఉంటాయి. ఏడాది పాటు వస్తాడన్న నమ్మకంతోనే ధర తగ్గించారు. రెండు నెలలకే మానేసి మిగిలిన పది నెలల సొమ్ము అణా పైసలతో సహా ఇవ్వమంటే అదీ న్యాయం కాదు. కనుక లెక్క ఇలా వేయవచ్చునని మా అభిప్రాయం. తగ్గింపు లేని నెలసరి ధర ప్రకారం రెండు నెలలకు 3,000 రూపాయలు తీసుకోవాలి. చేర్చుకున్న ఖర్చు కింద మరొక 500 తీసుకోవాలి. మిగిలిన 8,500 వాపసు ఇవ్వాలి. ఇలా చేస్తే ఎవరి సొమ్మూ ఎవరూ తిన్నట్టు కాదు.

ఇది మా సొంత ధర్మశాస్త్రం కాదు, దేశ చట్టం కూడా ఈ దారిలోనే ఉన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినందుకు ఇంత సొమ్ము ఇవ్వాలని కాగితంలో ఎంత రాసుకున్నా, కోర్టు సమంజసమైన పరిహారం వరకే ఇప్పిస్తుంది. 2020 జూలై నుండి అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం "అన్యాయమైన ఒప్పందం" అంటే ఏమిటో వివరించింది. జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేసేది అటువంటిదే. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక ఫ్లాట్ కొనుగోలు కేసులో, సంతకం పెట్టడం తప్ప వేరే దారి లేని కొనుగోలుదారుని ఏకపక్షమైన షరతులతో కట్టివేయరాదని తీర్పు చెప్పింది. అది ఇంటి విషయమైనా అందులోని న్యాయం జిమ్ కాగితానికి కూడా వర్తించదగినదే.

ఇతర దేశాలలో జిమ్‌ల విషయం ఇంకా తేటగా రాసిపెట్టారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో చేరిన మూడు రోజులలోపు మనసు మార్చుకోవచ్చు. జబ్బు వల్ల ఆరు నెలలకు మించి రాలేడని డాక్టరు రాసిచ్చినా, ఇల్లు పాతిక మైళ్లకు మించి దూరం మారినా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఇంగ్లాండులో 2011లో హైకోర్టు, సభ్యులను ఏడాదికి మించి కట్టిపడేసి మధ్యలో మానుకునే దారి ఇవ్వని జిమ్ ఒప్పందాలు అన్యాయమైనవని చెప్పింది. మనిషి చేరే రోజున తాను ఎంతో క్రమంగా వస్తానని అనుకుంటాడు, తరువాత మానేస్తాడు, ఆ బలహీనత మీదనే ఈ వ్యాపారం నడుస్తున్నదని ఆ కోర్టు గుర్తించింది. మన దేశంలో జిమ్‌ల కోసమే ఇటువంటి గడువు పెట్టిన చట్టం లేదు. రావాలని మేము కోరుకుంటున్నాము.

ముందుగా సొమ్ము కట్టడంలో ఇంకొక ప్రమాదం ఉన్నది. జిమ్మే మూతపడవచ్చు. 1932లో ముంబైలో మొదలై దేశమంతా పేరు తెచ్చుకున్న తల్వాల్కర్స్ సంస్థ కూడా 2019లో అప్పులు కట్టలేని స్థితికి వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మూతపడిన జిమ్‌లు తెరవడానికి ఆ ఆగస్టు 5 వరకు కేంద్రం అనుమతి ఇవ్వలేదు. అంతంత పేరున్నవారికే అలా జరిగినప్పుడు వీధి చివర జిమ్‌కు రెండేళ్ల సొమ్ము ముందే కట్టడం తెలివైన పని కాదు.

ఇప్పుడు డాక్టరు చీటీ సంగతి. నిజంగా జబ్బు ఉంటే పరీక్ష చేసి, ఏ జబ్బు, ఎంతకాలం బరువులు ఎత్తరాదు అన్నది రాసి ఇవ్వడం మా బాధ్యత. జబ్బు లేకుండా, కేవలం విసుగు పుట్టి మానేసినవారికి దొంగ చీటీ ఇవ్వము. దయచేసి అడగవద్దు. ఒక అన్యాయాన్ని ఇంకొక అబద్ధంతో సరిచేయలేము. పైగా దొంగ చీటీలు పెరిగితే నిజమైన రోగి చూపించే చీటీని కూడా ఎవరూ నమ్మరు. విసుగుతో మానినా, బదిలీ మీద ఊరు మారినా ఉన్న సంగతే చెప్పి అడగండి. అడిగే హక్కు అప్పుడు కూడా ఉన్నది.

అడిగే పద్ధతి ఇది. ముందుగా జిమ్ యజమానితో మర్యాదగా మాట్లాడండి. డబ్బు ఇవ్వకపోతే సభ్యత్వం కొంతకాలం ఆపి ఉంచుతారా, ఇంట్లో మరొకరి పేరు మీదకు మారుస్తారా అని అడగండి. ఏది అడిగినా తేదీ వేసి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు ఉంచుకోండి. రశీదు, ఒప్పందం కాగితం, డాక్టరు చీటీ పారవేయవద్దు. ఫైనాన్స్ వాయిదా ఉంటే ఆ కంపెనీకి కూడా రాయండి. చెప్పకుండా వాయిదా ఆపితే అప్పు ఎగవేసినట్టు రికార్డులో పడుతుంది.

అయినా వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు. చాలా తగాదాలు అక్కడే సర్దుబాటవుతాయి. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. జిమ్ హైదరాబాదులో ఉన్నా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చునని 2019 చట్టం చెబుతున్నది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. తగాదా వచ్చిన రెండేళ్లలోపు వెళ్లాలి. ఒప్పందమే అన్యాయమైనదని సవాలు చేయాలంటే మాత్రం హైదరాబాదులోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

చివరగా తల్లిదండ్రులకు ఒక మనవి. తగాదా వచ్చాక తిరగడం కంటే రాకుండా చూసుకోవడం మేలు. పిల్లలు జిమ్‌లో చేరుతామంటే ముందు డాక్టరుకు చూపించండి. గుండె జబ్బు, బీపీ, నడుము నొప్పి ఉన్నవారు, మన పాత నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్ల వల్ల కీళ్లు బిగుసుకున్న పెద్దవారు అడగకుండా బరువులు ఎత్తరాదు. చేరినా మొదటి మూడు నెలలు నెలనెలా కట్టమనండి. ధర కొంచెం ఎక్కువైనా నష్టం లేదు. మానుకునే స్వేచ్ఛకు ఆ మాత్రం ఖర్చు పెట్టవచ్చు.

పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోజుకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు ఊరి చెరువు కట్ట మీద వడివడిగా నడిచినా అది సరిపోతుంది. దానికి సంతకం అక్కరలేదు, వాయిదా అక్కరలేదు.